గురువుగారి వీడియో టేపు

మన పూర్వులు తమ విద్యను తాటియాకులపై గంటముతో వ్రాసి నిలిపిరి. కాని తాటియాకు శాశ్వతమైనది కాదు. చెమ్మ తగిలినచో బూజు పట్టును. పురుగు దొలిచినచో పొడియై రాలును. కావున తాళపత్రగ్రంథము శిథిలము కాకముందే దానిని చూచి వేఱొక ప్రతిని వ్రాసికొనుట ఆనాటి యాచారము. ఏ ప్రతిని చూచి వ్రాయుదురో దానికి మాతృక యని పేరు. మాతృకను చూచి శ్రద్ధతో వ్రాసినచో గ్రంథము నిలుచును. ప్రతిని చూచి ప్రతి, దానిని చూచి మఱొక ప్రతి వ్రాయుచు పోయినచో ఒకని పొరపాటుపై మఱొకని పొరపాటు చేరి, తుదకు కవి వ్రాసినదేదో లేఖకుడు వ్రాసినదేదో తెలియకపోవును. పందొమ్మిదవ శతాబ్దమున సి. పి. బ్రౌను దొర వేమన పద్యములు మొదలగువాని వ్రాతప్రతులను పెక్కింటిని సేకరించి, పండితులచే ఒకదానితో నొకటి పోల్చి చూపించుటకు కారణ మిదియే.

మన కాలమున తాటియాకు వంటి వస్తువు మఱొకటి కలదు. అది వీడియో టేపు. ఇండ్లలో వాడబడిన వి.హెచ్.ఎస్. టేపు జపాను దేశమున 1976లో వెలువడెను. కొలది యేండ్లలో అది మన యూళ్ళకును వచ్చెను. పెండ్లిండ్లు, సభలు, బడి వార్షికోత్సవములు దానిపై నిలిచినవి. అది అర అంగుళము వెడల్పు గల సన్నని ప్లాస్టిక్ పట్టీ. దానిపై అయస్కాంత ధర్మము గల పొడి పూతగా పూయబడి యుండును. చిత్రము, శబ్దము ఆ పూతలోనే దాగియుండును. తాటియాకు వలెనే దీనికిని చెమ్మయే శత్రువు. అంతేకాదు, తాటియాకును చదువుటకు కన్నులు చాలును. టేపును చదువుటకు యంత్రము వలయును. ఆ యంత్రములను చివరివరకు తయారుచేయుచుండిన జపాను దేశపు ఫునాయి సంస్థ 2016 జూలైలో ఆ పనిని మానివేసెను. కావున టేపులోని దానిని కంప్యూటరులోనికి మార్చుకొనక తప్పదు. ఆ పనిలో నాకు కలిగిన చిక్కులను, వాని కారణములను, నివారణములను ఇచట చెప్పుచున్నాను.

నా తెలుగు గురువుగారు 1991లో ఉద్యోగవిరమణ చేసిరి. ఆనాటి సన్మానసభలో వారు లేచి గంటకు పైగా పద్యములు చదివి యర్థము చెప్పిరి. మూడేండ్లకే వారు కీర్తిశేషులైరి. వారి కంఠము నేడీ లోకమున ఒక్క చోటనే కలదు. అది యా సభను తీసిన టేపు. నిరుడు వేసవిలో వారి పెద్దకుమార్తె నాకు కబురంపి, "తమ్ముడూ! నాన్నగారు పద్యము చదువుచుండగా ఒక్కమారు చూడవలెనని యున్నది. నా చూపు నానాటికి మందగించుచున్నది. కనబడునంతలోనే చూపింపుము" అని యడిగిరి. "అట్లే అక్కయ్యా" అని మాట యిచ్చితిని.

మొదట టేపును పట్టణములోని యొక దుకాణమున నిచ్చితిని. వారు ఒక డిస్కు చేసి యిచ్చిరి. దానిని చూచి నాకు దుఃఖము కలిగెను. గురువుగారి పెదవులు ముందు కదలుచుండెను; పద్యము వెనుక వినబడుచుండెను. వారు చేయి యెత్తినప్పుడు దాని యంచులు దువ్వెన పండ్లవలె చీలుచుండెను. ముఖము చిన్నచిన్న చదరపు గడులుగా విడిపోవుచుండెను. టేపును మరల యంత్రమున నాడించి చూడగా అందీ దోషము లేవియు లేవు. అనగా తప్పు మాతృకలో లేదు, ప్రతిలో కలదు.

మా యింట 2004లో కొనిన కంప్యూటరు ఒకటి మూలబడి యుండెను. టేపు చిత్రమును అంకెలుగా మార్చు కార్డు అందు కలదు. ఈనాటి కంప్యూటర్లలో ఆ కార్డు పట్టు సందు అరుదు. కావున పాతదానిని తుడిచి బల్లపై పెట్టితిని. సెలవులకు వచ్చిన నా మనుమరాలు, మీ వలెనే ఎనిమిదవ తరగతి చదువునది, కాగితము కలము పట్టుకొని ప్రక్కన కూర్చుండెను.

మొదట మే మొక లెక్క వేసితిమి. మన దేశపు టెలివిజన్ విధానమున సెకనునకు 25 నిశ్చలచిత్రములు వచ్చును. వీనికే ఫ్రేములని పేరు. కంప్యూటరు ఒక్కొక్క ఫ్రేమును 576 వరుసలుగాను, వరుసకు 720 చుక్కలుగాను గ్రహించును. చుక్కకు 2 బైట్లు. 720ని 576తోను 2తోను గుణింపగా 8,29,440 బైట్లు. ఇది ఒక్క ఫ్రేము. సెకనునకు 2,07,36,000 బైట్లు, అనగా దాదాపు 21 మెగాబైట్లు. గంటకు 75 గిగాబైట్లకు కొంచెము తక్కువ. "తాతయ్యా! ఇది గోదావరి వఱదవలె నున్నదే!" అని మనుమరాలు ఆశ్చర్యపడెను.

వఱద యనుట సరియే. వ్యాసభగవానుడు భారతము చెప్పుచుండగా గణపతి వ్రాసిన కథ మీరెఱుగుదురు. తన గంటము ఆగరాదని గణపతి నియమము పెట్టెను. అర్థము తెలియక వ్రాయరాదని వ్యాసుడు నియమము పెట్టి, నడుమనడుమ కఠినశ్లోకములు చెప్పి తాను ఊపిరి తీసికొనెను. ఇచట టేపు వ్యాసుడు, కంప్యూటరు గణపతి. కాని యీ వ్యాసుడు ఎన్నడును ఆగడు. టేపు తిరుగుచునే యుండును. కంప్యూటరు ఒక్క క్షణము తడబడినను ఆ క్షణమున వచ్చిన ఫ్రేము పోయినట్లే. దీనినే ఫ్రేము జారుట యందురు.

మా మొదటి ప్రయత్నమున నేనును దుకాణదారుని తప్పే చేసితిని. చిత్రమును గ్రహించుచునే డిస్కునకు తగినట్లుగా గట్టిగా కుదింపుమని కంప్యూటరున కాజ్ఞ నిచ్చితిని. పది నిమిషములలో 400 ఫ్రేములు జారెను. 400ను 25తో భాగింపగా 16. అనగా 16 సెకనుల చిత్రము లేదు. శబ్దము మాత్రము పూర్తిగా కలదు. చిత్రము పొట్టిదై ముందునకు పరుగెత్తును; శబ్దము వెనుకబడును. గురువుగారి పెదవులు పద్యమునకు ముందుగా కదలుటకు కారణ మిప్పుడు తెలిసినది.

"తాతయ్యా! వినుచు వ్రాసికొనుట వేఱు, వినుచునే సంగ్రహముగా వ్రాయుట వేఱు కదా! మొదట ఉన్నదున్నట్లు వ్రాసికొని, పిమ్మట తీరికగా సంగ్రహింపరాదా?" అని మనుమరాలు అడిగెను. ఈ పనికంతటికి మూలసూత్రమదియే. గ్రహించుటలో తొందర కలదు. కుదించుటలో తొందర లేదు. పాత కంప్యూటరుచే ఈ రెండు పనులను ఒకేసారి చేయింపరాదు.

రెండవ ప్రయత్నమున కుదింపు లేకుండ గ్రహించితిమి. ఫలితము మఱింత చెడెను. పది నిమిషములలో రావలసిన 15,000 ఫ్రేములలో మూడవ వంతు కూడ నిలువలేదు. ఇట్టి సమయమున తోచినదెల్ల మార్చుట అవివేకము. ఒక్కొక్కదానినే మార్చి ఫలితము చూడవలెను. మొదట మంచి స్థితిలోనున్న వేఱొక టేపును పెట్టితిమి. అట్లే జారెను. కావున టేపు నిర్దోషి. వైరసు నివారిణిని, ఇంటర్నెట్టును ఆపితిమి. స్వల్పమే మేలు కలిగెను. అంతట చిత్రమును నిలువున సగము, అడ్డమున సగము చేసి గ్రహించితిమి. ఒక్క ఫ్రేమైనను జారలేదు! అనగా కార్డు బాగుగనే యున్నది. ఎక్కడనో దారి ఇఱుకైనది. తుదకు 1000 మెగాబైట్ల ఫైలును ఒక హార్డు డిస్కునుండి రెండవదానికి నకలు చేసి గడియారము చూచితిమి. రెండున్నర నిమిషములు పట్టెను. సెకనునకు 7 మెగాబైట్లయినను లేదు. 21 వచ్చుచుండగా 7 పోవుచున్నచో మిగిలినది జారక యేమగును?

దీని కారణము వినదగినది. గిడ్డంగికి మూటలు చేర్చుటకు రెండు పద్ధతులు కలవు. గుమాస్తా చీటి వ్రాసి యిచ్చినచో కూలీలే మూటలను నేరుగా మోసికొని పోవుట ఒకటి. కూలీలు లేక గుమాస్తాయే ఒక్కొక్క మూటను తల కెత్తుకొనుట రెండవది. కంప్యూటరులో మొదటిదానిని డి.ఎం.ఏ. అనియు రెండవదానిని పి.ఐ.ఓ. అనియు అందురు. రెండవ పద్ధతిలో గరిష్ఠవేగము 16.6 మెగాబైట్లే, అదియును కాగితముమీది మాట. పైగా గుమాస్తాయైన ప్రాసెసరునకు వేఱు పనికి తీరిక చిక్కదు. విండోస్ ఎక్స్.పీ. కాలపు యంత్రములలో డిస్కు తీగ చెడి, పలుమార్లు తప్పులు దొరలినచో, కంప్యూటరు మనకు చెప్పకయే రెండవ పద్ధతికి దిగిపోవును. తనంతట తాను మరల పైకి రాదు. మేము పాత తీగను తీసి 80 పోగుల క్రొత్త తీగను వేసి, పరికరముల పట్టికలో ఆ మార్గము యొక్క నమోదును తొలగించి, కంప్యూటరును మరల ప్రారంభించితిమి. అది డిస్కును క్రొత్తగా గుర్తించి మొదటి పద్ధతిని చేపట్టెను. అదే ఫైలు ఇప్పుడు అర నిమిషములో నకలయ్యెను.

ఉత్సాహముతో మూడవమారు మొదలిడితిమి. ఒక్క ఫ్రేమును జారలేదు. కాని మూడు నిమిషముల 27 సెకనులకు గ్రహణము ఠక్కున ఆగిపోయెను. మరల చేసినను అచ్చటనే ఆగెను. ఒకే చోట ఆగు దోషము వెనుక ఏదో యొక లెక్క యుండునని మనుమరాలు ఊహించెను. 207 సెకనులను 2,07,36,000 బైట్లతో గుణింపగా దాదాపు 429 కోట్లు. రెండును 32 మార్లు గుణించినను దాదాపు అంతే వచ్చును. ఫ్యాట్-32 అను పాత పద్ధతిలో సర్దబడిన డిస్కుపై ఏ ఫైలును ఈ 4 గిగాబైట్ల హద్దును మీరజాలదు. డిస్కు ఖాళీగానున్నను ఫైలు నిండిపోవును. డిస్కును ఎన్.టి.ఎఫ్.ఎస్. అను పద్ధతికి మార్చగా ఆ యాటంకము తొలగెను.

ఇక చోటు చాలవలెను. టేపు నిడివి 100 నిమిషములు. దానికి 124 గిగాబైట్లు కావలెను. మా రెండవ డిస్కు 120 గిగాబైట్లది మాత్రమే. ఇచట నష్టము లేని కుదింపు అక్కఱకు వచ్చినది. తఱచుగా వచ్చు విలువలకు పొట్టి గుర్తులను, అరుదుగా వచ్చువానికి పొడుగు గుర్తులను ఇచ్చు విధానమును డేవిడ్ హఫ్‌మన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1952లో ప్రకటించెను. దాని ననుసరించి చేయబడిన హఫ్‌వైయువి అను సాధనము చిత్రమును దాదాపు సగమునకు తగ్గించును. విప్పినప్పుడు ఒక్క చుక్కయైనను మాఱదు. ఇది తేలికపని గనుక పాత ప్రాసెసరు కూడ దీనిని గ్రహించుచునే చేయగలదు. మాకు 60 గిగాబైట్లకు లోపుగనే పని ముగిసినది.

అయినను రెండు చిక్కులు మిగిలెను. టేపు నడుమ ఒకచోట బూజు మఱక వలన చిత్రము చిందరవందరయై కొన్ని ఫ్రేములు పోయెను. ప్రతి ఫ్రేము ఎక్కడ మొదలగునో తెలుపు సంకేతము టేపులోనే యుండును. అది చెడినచో కార్డు ఫ్రేమును గుర్తింపజాలదు. ఆ సంకేతమును సరిదిద్దు ప్రత్యేకయంత్రములు కలవు, మాకది లభింపలేదు. కావున చదువు తలను శుభ్రపఱచి, ట్రాకింగు బిరడాను కొంచెము కొంచెముగా త్రిప్పుచు, ఆ భాగమును మూడుమార్లు గ్రహించితిమి. ఒకమారు పోయిన ఫ్రేము మఱొకమారు దొరకెను. మూటిని పోల్చి మంచివానిని ఏర్చి కూర్చితిమి. బ్రౌను దొర పండితులు చేసిన పని యిదియే కదా యని నాకు తోచినది.

రెండవ చిక్కు మఱింత సూక్ష్మమైనది. ఒక్క ఫ్రేమును జారకున్నను, చివరకు వచ్చుసరికి పద్యము పెదవుల కంటె ఒక సెకను వెనుకబడెను. మొదట భేదము లేదు. నడుమ అర సెకను. తుదను ఒక సెకను. ఫ్రేములు జారినప్పుడు భేదము గంతులు వేయుచు పెరుగును. ఇది సమముగా పెరిగినది. చిత్రమును గ్రహించు కార్డునకు ఒక గడియారము, శబ్దమును గ్రహించు కార్డునకు ఒక గడియారము ఉండుటయే దీనికి కారణము. రెండు గడియారము లెన్నడును సరిగా కలియవు. శబ్దమును సెకనునకు 48,000 మార్లు కొలువవలెను. మా కార్డు 48,008 మార్లు కొలుచుచుండెనని తేలినది. 8ని 6,000 సెకనులతో గుణింపగా 48,000. సరిగా ఒక్క సెకను ఎక్కువ! శబ్దపు నిడివిని చిత్రపు నిడివికి సరిపోవునట్లు సవరింపగా పెదవులు, పద్యము కలిసికొన్నవి. అంత స్వల్పభేదము చెవికి తెలియదు.

దువ్వెన పండ్ల విషయము చెప్పెదను. పాత టెలివిజన్ ఫ్రేమును ఒకేసారి చూపదు. మొదట ఒక వరుస విడిచి ఒక వరుసగా 288 వరుసలను, పిమ్మట మిగిలిన 288 వరుసలను చూపును. సెకనునకు 50 సగములు. ఈ రెండు సగముల నడుమ చేయి కొంచెము కదలియుండును. కంప్యూటరు రెండింటిని ఒకేసారి చూపుటచే అంచులు పండ్లవలె కనబడును. ఇది టేపు దోషము కాదు. టెలివిజన్‌పై చూచుటకైనచో సగములను అట్లే ఉంచి, ఏది ముందో యేది వెనుకో తప్పకుండ చూడవలెను. కంప్యూటరుపై చూచుటకైనచో మొదట సగములను విడదీసి సరిచేసి, ఆ పిమ్మటనే చిత్రపు కొలతను మార్చవలెను. దుకాణమున ఈ క్రమము తలక్రిందులైనది. చిక్కు విప్పకముందే జుట్టు కత్తిరించినచో పిమ్మట దువ్వెన యేమి చేయును?

తుది పని కుదింపు. 60 గిగాబైట్లను ఒక డిస్కులో, అనగా 4.7 గిగాబైట్లలో, ఇమిడింపవలెను. ఇందు కొంత నష్టము తప్పదు. చిత్రమును 8 వరుసల, 8 నిలువుల గడులుగా విభజించి, గడిలోని ముఖ్యమైన వెలుగునీడలను నిలిపి, కంటికి అంతగా తెలియని సూక్ష్మభేదములను విడిచివేయుదురు. దీనికి ఆధారమైన గణితవిధానమును బెంగళూరున జన్మించిన నాసిర్ అహమ్మదు, టి. నటరాజన్, కె. ఆర్. రావు అను మువ్వురు 1974లో ప్రకటించిరి. నేడు మీరు చూచు ఛాయాచిత్రములు, చలనచిత్రములు పెక్కు ఈ విధానము ననుసరించినవే.

ఒకమారు కుదించినదానిని మరల కుదించినచో నేమగును? మొదటి కుదింపున గడుల యంచులు లేశముగా ఏర్పడును. రెండవ కుదింపు ఆ యంచులను కూడ చిత్రములోని భాగమే యని భ్రమించి, వానిని నిలుపుటకై అసలు చిత్రమును విడిచివేయును. దుకాణమున చిత్రమును గ్రహించుచునే ఒకమారు, డిస్కునకై మఱొకమారు కుదించి యుందురు. ఇది తప్పుల ప్రతిని చూచి ప్రతి వ్రాయుట వంటిది. కావున ఎన్ని ప్రతులు చేసినను, ప్రతిదానిని నష్టము లేని మాతృకనుండియే చేయవలెను.

టేపులో సహజముగా నుండు గరగర చుక్కలు ప్రతి ఫ్రేములోను మాఱుచుండును. కుదించు సాధనము వానిని నిలుపుటకు వృథాశ్రమ పడును. వానిని కొంచెము తగ్గించుట మేలు. నేను అత్యాశతో మొదట మిక్కిలిగా తగ్గించితిని. గురువుగారి నుదుటి ముడుతలు చెరిగి ముఖము మైనపు బొమ్మవలె నయ్యెను. "వీరు మీ గురువుగారి వలె లేరు తాతయ్యా, పటములోని దేవుని వలె నున్నారు" అని మనుమరాలు అనెను. వెంటనే ఆ సవరణను తగ్గించితిని.

కుదింపు రాత్రియంతయు సాగవలసి యుండగా కంప్యూటరు నడిరేయి ఆరిపోయెను. అది వేసవి; పైగా ప్రాసెసరుపైనున్న పంకాలో పదునైదేండ్ల దుమ్ము పేరుకొని యుండెను. పాత ప్రాసెసరు వేడెక్కినచో మొదట నెమ్మదించును. అంతకును మించినచో ఆగిపోవును. మెత్తని కుంచెతో దుమ్ము తీసి, పెట్టె ప్రక్కరేకును తొలగించి, ఎదుట బల్లపంకా పెట్టితిమి. మఱునాటి ఉదయమునకు పని పూర్తియయ్యెను.

ఆ ఆదివారము అక్కయ్యగారి యింటికి డిస్కును తీసికొని పోయితిమి. ఆమె టెలివిజన్‌కు మూరెడు దూరమున కుర్చీ వేసికొని కూర్చుండిరి. గురువుగారు గొంతు సవరించుకొని పద్యమెత్తుకొనిరి. మొదటి పాదము ముగియునంతలో ఆమె పెదవులును కదలనారంభించెను. తెరపైని పెదవులు, ఎదుటి పెదవులు, పద్యము మూడును ఒక్కటిగా సాగెను. సభ ముగియువఱకు ఎవరును మాటాడలేదు. పిమ్మట ఆమె, "తమ్ముడూ! నాన్నగారు పద్యము చదువునపుడు ఎడమచేతి వ్రేళ్ళతో లెక్కించుచుండెడివారు. నేనది మఱచిపోతిని" అని మాత్రము అనిరి.

విద్యార్థులారా! మీ యిండ్లలో నిట్టి టేపులు ఉండవచ్చును. వానిని ఎండకును చెమ్మకును దూరముగా నిలువుగా నుంచుడు. ఆడించు యంత్రము దొరకునంతలోనే మార్చుకొనుడు. గ్రహించునపుడు తొందరింపక, ఉన్నదున్నట్లు గ్రహింపుడు. చిక్కు వచ్చినపుడు ఒక్కదానినే మార్చి ఫలితమును లెక్కతో చూడుడు. మాతృకను ఒక్క చోటనే యుంచక, రెండు మూడు డిస్కులపై వేఱువేఱు ఇండ్లలో దాచుడు. ఏలయన హార్డు డిస్కు కూడ తాటియాకు వంటిదే. ప్రతి సిద్ధమైనదని టేపును పాఱవేయకుడు. మా గురువుగారి టేపు నేటికిని నా పెట్టెలో, శుభ్రమైన గుడ్డలో భద్రముగా నున్నది.